ఆరు స్టెర్బాయ్‌లలో మిగిలినవి రెండు

మే 9, రాత్రి

ఈ రోజూ ఏదీ పోలేదు. వరసగా రెండో రోజు. నా అక్వేరియంలో మిగిలిన రెండు స్టెర్బాయ్ కోరీలూ (అడుగున తిరిగే చిన్న మీసాల చేపలు) వేరు మొద్దు కింద ఇసుకలో మూతులు దూర్చి వెతుక్కుంటున్నాయి. మీసాలు పూర్తిగా ఉన్నాయి, పొట్టలు లోపలికి పోలేదు. ఒక్కోటి 350 చొప్పున ఆరు తెచ్చాను. ఐదు రోజుల్లో నాలుగు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచండి, నాకు మండేది ఎందుకు పోయాయో మూడు రోజులు తెలియకపోవడం.

మొదటి విడత గురించి ముందు చెప్పేస్తాను. జనవరిలో తెచ్చిన ఆరు పెప్పర్డ్ కోరీలు (కోరీల్లోనే ఇంకో రకం) మార్చి దాకా కులాసాగా ఉన్నాయి. ఏప్రిల్ మొదటి వారంలో ట్యాంకు 32.8 డిగ్రీలకు చేరింది. వారం తిరక్కుండా అన్నీ అయిపోయాయి. అది నా బుద్ధితక్కువ. పెప్పర్డ్ చల్లటి నీళ్ల చేప. లా ప్లాటా నది పరీవాహకంలో, ఉరుగ్వే వైపు బతికేది. డార్విన్ బీగిల్ ఓడ మీద వెళ్లినప్పుడు సేకరించిన చేపల్లో ఇదీ ఉంది. 18 నుంచి 24 డిగ్రీల మధ్య దానికి హాయి. హైదరాబాదులో, పైన డాబా తప్ప ఇంకేమీ లేని పోర్షనులో, ఎండాకాలం దాన్ని ఉంచడమంటే చేపను పెంచడం కాదు, ఉడకబెట్టడం.

అందుకే ఈసారి స్టెర్బాయ్. బొలీవియా, బ్రెజిల్ సరిహద్దులో గ్వాపోరే నది దీని ఊరు. డిస్కస్ అనే వేడి నీళ్ల చేపను పెంచేవాళ్లు 28, 29 డిగ్రీల్లో కూడా దీన్ని ధైర్యంగా ఉంచుతారు. నల్లటి తల మీద తెల్ల చుక్కలు, ఛాతీ రెక్కల ముళ్లు నారింజ రంగు. చుక్కలు తిరగబడి, లేత తల మీద నల్లగా ఉంటే అది హరాల్డ్‌షుల్జీ. దుకాణాల్లో రెండింటినీ కలిపేస్తుంటారు, తల చూసి కొనండి. (2024లో కోరీల ప్రజాతి కోరిడోరస్‌ను ముక్కలు చేసి స్టెర్బాయ్‌ను హాప్లిసోమా అనే ప్రజాతిలో పెట్టారు. నేను మాత్రం కోరీ అనే అంటాను.)

వేడికి మందు కూడా ముందే వేశాను. ఏప్రిల్ 8న మూత తీసేసి, కంప్యూటరులో వాడే 12 వోల్టుల ఫ్యాన్లు రెండు బిగించాను. 32.8 కాస్తా 29.4కి దిగింది. ఫ్యాన్లు సూపర్ హిట్. ఇక చేప వేడికి తట్టుకునేది, ట్యాంకు చల్లబడింది, ఏం కావాలి?

మే 3 సాయంత్రం ఆరింటినీ వదిలాను. సంచి 20 నిమిషాలు తేల్చి, తర్వాత 40 నిమిషాలు కప్పుతో ట్యాంకు నీళ్లు కలుపుతూ వచ్చాను. ఎప్పుడూ చేసే పద్ధతే. మే 4 రాత్రి ఒకటి పోయింది. 5న పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అన్నిటికీ లక్షణాలు ఒకటే: రెక్కలు ముడుచుకుని మూలకు చేరడం, మొప్పలు టకటకా కొట్టుకోవడం, ఒంటి మీద జిగురు పొరలా కమ్మడం, చివరికి పక్కకి ఒరిగిపోవడం. ఒంటి మీద గాయం లేదు, బూజు లేదు, తెల్ల చుక్కలు లేవు.

మే 4 రాత్రి తీసిన లెక్కలివి. ఉష్ణోగ్రత 29.4. పీహెచ్ 8.2. నైట్రైట్ సున్నా. నైట్రేట్ 40. అమ్మోనియా 0.25. ఏపీఐ కంపెనీ లిక్విడ్ టెస్ట్ కిట్‌తోనే చూశాను, కాగితం స్ట్రిప్పుల మీద నాకు నమ్మకం లేదు. అయితే ఆ కిట్‌లో లేత పచ్చ సున్నానా, 0.25నా అన్నది ట్యూబ్ లైటు కింద ఒకలా, పగటి వెలుగులో ఒకలా కనిపిస్తుంది. సరే, 0.25 అనే అనుకుందాం. 8.2 పీహెచ్, 30 డిగ్రీల దగ్గర అందులో దాదాపు 11 శాతం విషపు రూపంలో ఉంటుంది. అంటే 0.03 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) లోపు. మంచిది కాదు, కానీ ఒక్క రాత్రిలో చంపేంత కాదు.

ఆక్సిజనా? కోరీలు మామూలుగానే పైకి దూసుకొచ్చి గాలి మింగి పోతాయి, పేగుతో పీల్చుకుంటాయి. కాబట్టి వాటి రాకపోకలు చూసి ఏమీ చెప్పలేం. అదే నీళ్లలో ఉన్న 12 సెర్పే టెట్రాలు (చిన్న గుంపు చేపలు) పైకి రాలేదు. అయినా ఎయిర్ స్టోన్ వేశాను. మార్పు లేదు. ఇసుక కింద గ్యాసా? చాప్‌స్టిక్‌తో అంగుళం అంగుళం పొడిచాను, కుళ్లు వాసన లేదు. సంచిలో బెదిరి విషం వదిలాయా? కోరీలు అలా చేసి తమ విషానికి తామే చస్తాయని పెంచేవాళ్లు చెబుతారు. అదైతే నీళ్లు నురగ కట్టి, సంచిలోనే పోయేవి. ఇవి సంచిలో నుంచి ఈత కొడుతూ దిగాయి.

ఇన్ని చూసిన మహానుభావుణ్ణి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, చూడలేదు. మీటరు సొరుగులోనే ఉంది. మే 6 పొద్దున ముంచితే 1240. బ్యాటరీ అయిపోయిందనుకుని కొత్తది వేశాను. 1240. మార్చిలో ఇదే ట్యాంకు 410. జీహెచ్ (నీటి కఠినత్వం) చూస్తే, ఎప్పుడూ 11 చుక్కలకు రంగు మారేది ఈసారి 24 దాకా మారలేదు.

సగం జవాబు ఫ్యాన్లలోనే ఉంది. ఫ్యాను నీటిని చల్లబరిచేది ఆవిరి చేసే కదా. ఆవిరయ్యేది ఉత్త నీళ్లు, లవణాలు ట్యాంకులోనే మిగులుతాయి. నా ట్యాంకు 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు. ఇసుక, మొద్దు పోగా 135 లీటర్ల నీళ్లు. అద్దం మీద మార్కరు గీత పెట్టి చూస్తే రోజుకు ఒక సెంటీమీటరు తగ్గుతోంది, అంటే మూడున్నర లీటర్లు. ఎండాకాలం కాబట్టి మా అపార్టుమెంటుకు వచ్చేది బోరు, ట్యాంకరు కలిసిన నీళ్లు, టీడీఎస్ 840. రోజూ మూడున్నర లీటర్లు అవి పోస్తే ట్యాంకు రోజుకు 22 పీపీఎం చొప్పున పెరుగుతుంది. ఏప్రిల్ 8 నుంచి మే 2 దాకా 24 రోజులు. నేను ఊళ్లో లేక, ఉన్నప్పుడు నీళ్లకు కటకటై, ఒక్కసారీ నీళ్లు మార్చలేదు. లెక్క ప్రకారం 410 కాస్తా 930 కావాలి.

కానీ మీటరు 1240 అంటోంది. ఆ మిగతా 310 ఎక్కడిది? 135 లీటర్లలో 310 పీపీఎం అంటే దాదాపు 42 గ్రాముల లవణాలు. రాళ్లు కరిగాయా అని ఉన్న రెండు రాళ్ల మీదా నిమ్మరసం పిండాను, బుడగలు రాలేదు. ఫిల్టరులో పాత పగడపు ముక్కలేమైనా ఉన్నాయా అని విప్పి చూశాను, లేవు. మధ్యాహ్నం భోజనం దగ్గర ఈ 310 గురించి గొణుక్కుంటుంటే అమ్మ అంది:

"నువ్వు భీమవరంలో ఉన్నన్నాళ్లూ గీత దాకా నేనే పోశాను కదరా."

"ఏ నీళ్లమ్మా?"

"ఫిల్టరు పక్కన బకెట్లో పడతాయే, అవి. ఊరికే పారబోయడం దేనికని. ఫిల్టరు నీళ్లే కదా!"

వంటింట్లో మంచినీళ్ల ఆర్‌ఓ ఫిల్టరు వదిలేసే నీళ్లు. మంచినీళ్లు తీసుకుని మిగతా లవణాలన్నీ మూట కట్టి బయటికి తోసేవి. ఇల్లు తుడవడానికి మేమే బకెట్లో పడతాం. మీటరు ముంచితే 1600. నేను భీమవరంలో ఉన్నది ఏప్రిల్ 17 నుంచి మే 1 దాకా, 15 రోజులు. 15 రోజులు, మూడున్నర లీటర్లు, మామూలు నీళ్ల కన్నా 760 ఎక్కువ. గుణించి చూస్తే 40 గ్రాములు. అంత బాధలోనూ ఆ లెక్క కుదిరినప్పుడు వచ్చిన ఆనందం ఏ చేప గుడ్లు పెట్టినప్పుడూ రాలేదు. అమ్మను ఏమనాలి? "గీత దాకా పొయ్యమ్మా" అన్నానే గానీ ఏ నీళ్లో చెప్పలేదు.

అదే సాయంత్రం దుకాణానికి మీటరు పట్టుకుని వెళ్లాను. వాళ్ల కోరీ ట్యాంకు 260. అంటే 260 నీళ్లలో ఉన్న చేపను గంటలో 1240లోకి దింపాను. ట్యాంకులో పాతకాపులైన బ్రిసిల్‌నోస్ ప్లెకోలకూ (పాచి తినే చేపలు) టెట్రాలకూ ఏమీ కాలేదు, ఎందుకంటే అవి రోజుకు కొంచెం కొంచెంగా ఆ నీళ్లతోనే పైకెక్కాయి. కొత్తవి ఒక్కసారిగా గోడకు కొట్టుకున్నాయి. వేరే వివరణ నాకు దొరకలేదు.

నాలుగోది మాత్రం ఖాయంగా నా చేతిలోనే పోయింది. దుకాణం నుంచి వచ్చి కంగారులో 40 శాతం నీళ్లు తీసి, 60 టీడీఎస్ ఉన్న ఆర్‌ఓ నీళ్లు పోశాను. 1240 నుంచి గంటలో 768. ఎక్కించడం ఎంత తప్పో దించడమూ అంతే. 7న పొద్దున ఒకటి వెల్లకిలా ఉంది. అప్పటి నుంచి రోజుకు 10 శాతమే మారుస్తున్నాను, కుళాయివి సగం, ఆర్‌ఓవి సగం కలిపి. ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ మంచినీళ్లే. ఈ రాత్రి మీటరు 690. 450 దగ్గర ఆపేస్తాను, స్టెర్బాయ్‌కి అమెజాన్ నీళ్లు తయారుచేసే ఓపిక నాకు లేదు.

ఆ దుకాణంలోనే ఒకాయన వాళ్ల బాబుకి రెండంగుళాల సక్కర్ (ఇదీ పాచి తినే చేపే) కొంటున్నాడు. "అద్దమంతా క్లీన్ చేస్తది సార్" అంటున్నాడు దుకాణం కుర్రాడు. అది అడుగు దాటి పెరుగుతుందని చెబుదామని నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పెరిగాక జనం చెరువులో వదిలేస్తారు. మన చెరువుల్లో వలలు చింపుతున్న డెవిల్ ఫిష్ అని పేపర్లో పడేది దీని బాపతే. పక్క తొట్టిలో షార్క్ అని రాసి పెట్టినవి పంగస్ పిల్లలు. మా భీమవరం వైపు చెరువుల్లో కిలోల లెక్కన పెంచే చేపే. మూడడుగుల ట్యాంకులో దాన్ని పెట్టడం ఏనుగును వరండాలో కట్టేయడమే. పాచి కోసమే అయితే బ్రిసిల్‌నోస్ కొనుక్కోండి, అయిదంగుళాల దగ్గర ఆగిపోతుంది. నా జంట అంగుళంన్నర పైపు ముక్కలో మూడోసారి పిల్లల్ని తీసింది. మేత బిళ్లలు హికారి కంపెనీవే వేస్తున్నాను, ఖరీదే గానీ రాత్రంతా ఉన్నా నీళ్లు మురికి కావు.

భీమవరంలో మా బావ ఇంకో మాటన్నాడు. "ఆ విదేశీ చేపలకి ఏసీలు, ఫ్యాన్లు ఎందుకు బావా, కాలవలో చారల జెల్లలు పట్టిస్తాను, తీసుకుపో." నిజానికి ఆశగానే ఉంది. మన ఎండకు, మన బోరు నీళ్లకు అలవాటైన మీసాల చేప. చారలు కూడా అందంగా ఉంటాయి. కానీ రాత్రి లైటు తీశాక జెల్ల నోటికి పట్టిన టెట్రా తెల్లారేసరికి ఉండదు, పైగా ముల్లు గుచ్చితే చెయ్యి రోజంతా సలుపుతుంది. వాటికి వేరే ట్యాంకే కావాలి. బాల్కనీలో రెండడుగులది ఒకటి ఖాళీగా ఉందని ఇంట్లో ఇంకా అనలేదు.

రోహిణి కార్తె వెళ్లేదాకా కొత్త చేప కొనను. రోళ్లు పగిలే ఎండలో నా ఫ్యాన్లు 30 లోపు ఆపగలవో లేదో చూడాలి. ఫ్యాన్లకు ఎస్‌టీసీ-1000 కంట్రోలరు తగిలిస్తాను, 28.5 దాటితేనే తిరిగేలా. రాత్రిళ్లు ఊరికే తిరిగి నీళ్లు ఆవిరి చేయడం ఎందుకు. మృగశిర పెట్టాక డాబా గొట్టం కింద 100 లీటర్ల డ్రమ్ము పెట్టి, మొదటి రెండు వానలు పోనిచ్చి, తర్వాతి నీళ్లు పడతాను. కోరీలు చల్లటి మెత్తటి నీళ్లు పడితే వాన వచ్చిందనుకుని గుడ్లు పెడతాయి కదా, రెండున్నాయి, అవి ఆడా మగా అయితే. పైనుంచి చూస్తే ఒకటి కాస్త వెడల్పుగానే ఉంది.

చెన్నై కొలత్తూరు నుంచి సరుకు తెప్పించే ఆయనకు నాలుగు స్టెర్బాయ్‌లు జూన్ చివరికి చెప్పి ఉంచాను. ఈసారి సన్న గొట్టంతో చుక్కలు చుక్కలుగా, నాలుగు గంటలు. ఆర్‌ఓ బకెట్‌ను వంటింట్లో నుంచి తీసి బాత్రూంలో పెట్టాను. అమ్మ దాని మీద మార్కరుతో తనే రాసింది: "ఫిల్టరువి కావు".