ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ కవర్ స్క్రూలు రావట్లేదా?

యమహా ఆర్‌ఎక్స్ 100 కవర్లకు ఉండేవి స్టార్ తల (ప్లస్ ఆకారపు గాడి) ఎం6, అంటే 6 ఎంఎం మందం స్క్రూలు. ఉక్కు స్క్రూ, అల్యూమినియం కేసు: తేమ చేరితే మరలు పట్టేస్తాయి. మామూలు ఫిలిప్స్ డ్రైవర్‌తో బలవంతం చేస్తే జారి గాడి గుండ్రంగా అరిగిపోతుంది. జపాన్ గాడి వేరు, జేఐఎస్ (జపాన్ ప్రమాణం) బిట్టే కావాలి.

రాత్రే స్క్రూల మీద డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దున గాడిలో మట్టిని సూదితో గీకి తీసేసి, ఇంపాక్ట్ డ్రైవర్‌ని (సుత్తితో కొడితే తిరిగే చేతి డ్రైవర్) విప్పే వైపుకి పెట్టి, సుత్తితో నిటారుగా ఒక్కటివ్వండి. దెబ్బ బిట్టును గాడిలోకి అదుముతూనే తిప్పుతుంది, కిటుకంతా అక్కడే. చిన్న సుత్తితో పది దెబ్బలకన్నా బరువు సుత్తితో ఒక్కటి మేలు.

తల అరిగిపోయిందా? 6 ఎంఎం డ్రిల్లు బిట్టుతో తలను మాత్రమే తొలిచేయండి. కవర్ ఊడాక మిగిలిన ముక్కను వైస్ గ్రిప్‌తో (బిగించి లాక్ అయ్యే పట్టకారు) పట్టి తిప్పితే చాలాసార్లు సులువుగా వచ్చేస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ (విరిగిన స్క్రూలోకి దించి తిప్పి లాగే గట్టి ఉక్కు పనిముట్టు) జోలికి మాత్రం వెళ్లకండి. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు దానిమీద దిగదు.