అమ్మతో దేవసహాయం కొండకు

సంక్రాంతి సెలవుల్లో నాగర్‌కోయిల్ వెళ్దామని మా అమ్మాయి అన్నప్పుడు మా అమ్మ ముందు ఒప్పుకోలేదు. "వేళాంగణ్ణి అయితే వస్తాను. అక్కడ ఎవరున్నార్రా?" అంది. దేవసహాయం ఉన్నాడని చెప్పాం. 2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ని పునీతుడిగా, అంటే సెయింట్‌గా, ప్రకటించడం టీవీలో చూసింది కానీ వివరాలు గుర్తులేవు. గురువు, అంటే చర్చి ఫాదర్, కాదు, మఠంలో ఉన్నవాడు కాదు, పెళ్ళాంతో కాపురం చేసుకుంటూ రాజుగారి కొలువులో జీతం తీసుకున్న మనిషి అనేసరికి ఆసక్తి పుట్టింది. "జీతగాడు పునీతుడెట్లా అయ్యాడు?" అని అడిగింది. మన దేశంలో పుట్టిన గృహస్థుల్లో ఆ గౌరవం దక్కిన మొదటివాడు ఆయనే అని చెబితే, అయితే చూడాల్సిందేనని చీరలు సర్దుకుంది.

అసలు సంగతి ఆమెకి తెలియనిదేం కాదు. మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, ఒక అబ్బాయిని ఇష్టపడింది. వాళ్ళూ కథోలికులే. అవే జపమాలలు, అదే పూజ, అవే పండగలు. అయితే మేము రెడ్లం, వాళ్ళు పల్లె వాళ్ళు, అంటే దళితులు. "పిల్లాడు మంచోడేరా, కాదనను. కానీ పల్లె కదా" అని అమ్మ అన్న దగ్గర ఆ మాట ఆగిపోయి చాలా కాలమైంది. నేను ఇటు చెప్పలేక, అటు చెప్పలేక నడుస్తున్నాను. ఈ యాత్ర మా అమ్మాయి ఎందుకు ఎంచిందో నాకు కాచిగూడలో రైలెక్కాక గానీ వెలగలేదు.

రైల్లో కథ తనే చెప్పింది. దేవసహాయం అసలు పేరు నీలకంఠ పిళ్ళై. 1712లో ఇప్పటి కన్యాకుమారి జిల్లా నట్టాళంలో ఒక నాయర్ ఇంట పుట్టాడు. తిరువాన్కూరు రాజు మార్తాండ వర్మ దగ్గర ఉద్యోగం. 1741లో కొలచ్చల్ దగ్గర డచ్చివాళ్ళు రాజు చేతిలో ఓడిపోయారు. బందీగా దొరికిన వాళ్ళ అధికారి డి లన్నోయ్‌ని రాజు చంపకుండా, తన సైన్యానికి తర్ఫీదివ్వడానికి పెట్టుకున్నాడు. నీలకంఠ పిళ్ళైకి పశువులు పోయి, ఆస్తి కరిగి దిగులుగా ఉన్న రోజుల్లో ఈ డి లన్నోయే, బైబిల్లో అన్నీ పోయినా దేవుణ్ణి వదలని యోబు కథ చెప్పి ఓదార్చాడంటారు. 1745 మే 14న వడక్కన్‌కుళంలో జ్ఞానస్నానం తీసుకుని దేవసహాయం అయ్యాడు. ఆ తర్వాత ముట్టకూడని వాళ్ళు అనిపించుకున్న వాళ్ళతో కలిసి తిరిగాడు, పక్కన కూచుని తిన్నాడు. పెద్ద కులం వాళ్ళకి కంటగింపు అయింది అక్కడే. అభియోగం మాత్రం రాజద్రోహం. 1749లో పట్టుకున్నారు. గేదె మీద వెనక్కి తిప్పి కూచోబెట్టి ఊరూరా ఊరేగించారు, కొట్టిన గాయాల మీద కారం పూశారు.

అప్పటిదాకా అరకన్నుతో వింటున్న అమ్మ లేచి కూచుంది. మాది గుంటూరు వైపు. మిరపకాయలు కోసిన చేత్తో పొరపాటున కన్ను నలుపుకుంటే ఎట్లా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. "గాయం మీదా?" అంది. ఇంకేం మాట్లాడలేదు.

నాగర్‌కోయిల్‌లో ముందు కోట్టార్ వెళ్ళాం. అది పునీత ఫ్రాన్సిస్ జేవియర్ పేర ఉన్న గుడి, ఇప్పుడు మేత్రాసన దేవాలయం, అంటే బిషప్ గుడి. దేవసహాయం అవశేషాలు ఇక్కడే పీఠం ముందు సమాధి చేశారు. జేవియర్ అంటే మా వైపు శౌరి, మా తాతయ్య పేరు కూడా అదే, కాబట్టి అమ్మ మామగారి పేరున ఒక కొవ్వొత్తి వెలిగించింది. పూజ తమిళంలో అయింది. అమ్మ మాత్రం పరలోక ప్రార్థన మొత్తం తెలుగులో గట్టిగానే చెప్పింది. పక్కనున్న ముసలామె తిరిగి చూసి నవ్వింది. పులియూర్‌కురిచ్చిలో ఆయన దాహమేసి మోచేత్తో కొడితే నీళ్ళు వచ్చాయని చెప్పే బండ దగ్గర కాసేపు ఉన్నాం. దగ్గర్లోనే ఉదయగిరి కోటలో డి లన్నోయ్ సమాధి ఉంది. అమ్మకి మోకాళ్ళ నొప్పి, ఆవిడ కారులోనే కూచుంది.

ఆరల్వాయ్‌మొళి దారి పొడవునా గాలిమరలే. కనుమలోంచి వచ్చే గాలికి కారు డోరు తీయడమే కష్టమైంది. ఆ కొండల కిందే కాట్టాడిమలై, ఇప్పుడు జనం దేవసహాయం కొండ అంటారు. 1752 జనవరి 14న ఆయన్ని ఇక్కడికి తెచ్చి తుపాకులతో కాల్చి, శవాన్ని అడవిలో పడేశారు. కొన్ని రోజుల తర్వాత క్రైస్తవులు వచ్చి ఎముకలు ఏరుకుని కోట్టార్ తీసుకెళ్ళారు. ఆ తారీఖు మన సంక్రాంతి రోజుల్లోనే పడుతుంది, అందుకే జనం బాగా ఉన్నారు.

అక్కడ గంట కొట్టే రాయి అని ఒకటుంది. కాల్చినప్పుడు ఆ బండ గంటలా మోగిందని నమ్మకం. వచ్చినవాళ్ళంతా చిన్న రాయి తీసుకుని దాని మీద కొడుతున్నారు. కొట్టీ కొట్టీ ఆ చోటు నున్నగా, తెల్లగా అయిపోయింది. మా అమ్మాయి కొట్టింది, ఖంగుమని మోగింది. నేను కొడితే అంత మోగలేదు, ఎక్కడ కొట్టాలో తెలియాలి. అమ్మ చెంగు తల మీదికి లాక్కుని, రాయి పుచ్చుకుని, కల్లంలో కందులు కొట్టిన చేయి కదా, మూడు దెబ్బలు సరిగ్గా వేసింది. లైన్లో వెనకున్న పిల్లలు చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం వడక్కన్‌కుళం వెళ్ళాం. ఇది తిరునెల్వేలి జిల్లా. దేవసహాయానికి జ్ఞానస్నానం ఇచ్చిన ఊరు ఇదే. భర్తతో పాటు విశ్వాసంలోకి వచ్చిన ఆయన భార్య జ్ఞానప్పూ సమాధి కూడా ఈ ఊళ్ళోనే ఉంది. నన్ను పట్టుకున్నది మాత్రం ఇక్కడి గుడి చరిత్ర. దేవసహాయం చనిపోయి నూరేళ్ళు దాటాక ఇదే ఊళ్ళో గుడి కట్టినప్పుడు, ప్యాంటు కాళ్ళలా రెండు మండపాలు, పై కొసన రెండింటికీ కలిపి ఒక్క పీఠం పెట్టి కట్టారు. ఒక కాలులో వెళ్ళాళ పిళ్ళైలు, ఇంకో కాలులో నాడార్లు. మధ్యలో గోడ. పీఠం దగ్గరున్న గురువుకి రెండు వైపులా కనపడతాయి, వీళ్ళకి వాళ్ళు కనపడరు. 1910లో జెస్యూట్ అనే కథోలిక సభ గురువులు ఆ గోడ తీయించారు. పిళ్ళైలు ఊరుకోలేదు, దావా వేశారు, మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయారు. కులం పోగొట్టుకుని చచ్చిపోయిన మనిషి జ్ఞానస్నానం పొందిన ఊళ్ళో, కులం కోసం గుడిలో గోడ! కోపం కంటే నాకు ముందు ఆశ్చర్యం వేసింది, ఆ మేస్త్రీకి కొలతలు ఎవరు ఎట్లా చెప్పి ఉంటారా అని.

నేల మీద గోడ ఆనవాలు ఏమన్నా ఉందేమోనని వెతికాను. నాకైతే ఏం కనపడలేదు. అమ్మ బల్ల మీద కూచుని, తనకు తానే చెప్పుకున్నట్టు, మా ఊరి గుడి సంగతి ఎత్తింది. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తల్లో ముందు వరసలో చాపలు మనవాళ్ళకి, వెనక నేల పల్లె వాళ్ళకి. పూజలో పంచే సత్ప్రసాదం కూడా ముందు మనకే. "గోడ లేదు కానీ, ఎవరూ చాప దాటేవాళ్ళు కాదు. మాకు అది తప్పనిపించేది కాదు" అంది.

"శ్మశానం కూడా వేరే కదా నాయనమ్మా?" అంది మా అమ్మాయి.

"ఇప్పటికీ వేరేనే" అన్నాను నేను, అమ్మ చెప్పేలోపే.

మా పెద్దలు రాయలసీమ నుంచి కరువుకి ఎద్దుల బండ్ల మీద గుంటూరు వైపు వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. ఫ్రెంచి జెస్యూట్ గురువులు అటు తిరిగిన కాలంలో, అనంతపురం దగ్గర మడిగుబ్బలో రెడ్లకి జ్ఞానస్నానం ఇచ్చారంట. దేవసహాయం కాలానికి కాస్త అటూ ఇటూ. ఆ దారిలో భూములు వదిలారు, బంధువుల్ని వదిలారు, పేరు చివర రెడ్డి మాత్రం పారేసుకోలేదు. నా ఆఫీసు ఐడీ కార్డు మీద కూడా ఉంది. కారులో మా అమ్మాయి అదే పట్టుకుంది. దేవసహాయం పేరులో కూడా చాలాకాలం పిళ్ళై అని రాసేవారట, కొందరు అభ్యంతరం చెబితే 2020లో రోమ్ దాన్ని తీసేసింది.

"అంటే మమ్మల్ని కూడా తీసెయ్యమంటావా?" అంది అమ్మ.

"నేనేమన్నాను నాయనమ్మా? ఆయన సంగతి చెప్తున్నా."

"నాకు తెలీదా నీ సంగతి."

డ్రైవరుకి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాం. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను ఫోన్లో తిరుగు టికెట్ల వెయిటింగ్ లిస్టు చూస్తూ కూచున్నాను. నాగర్‌కోయిల్ దగ్గర పడ్డాక అమ్మే మొదలుపెట్టింది.

"వచ్చే నెల గుణదల తిరునాళ్ళకి ఆ పిల్లాడి అమ్మా నాన్నా వస్తారంటే?"

"ఏటా వస్తారు. వాళ్ళ నాన్న అక్కడ వాలంటీరు, కొండ మెట్ల దగ్గర నిలబడతాడు."

"అయితే కనపడతార్లే" అంది అమ్మ.

మా అమ్మాయి అద్దంలోంచి నా వంక చూసింది. నేను తొందరపడి నవ్వలేదు. అమ్మ ఒప్పుకున్నట్టు కాదది. తిరునాళ్ళకి ఇంకా మూడు వారాల పైన ఉంది, ఈలోపు మా మేనత్తలు ఇద్దరూ ఫోన్ చేయకుండా ఉంటారా?