కోల్వాల్‌లో నిలువెత్తు ఆస్టర్లు

కడియం నర్సరీల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి కనుక, పూల తోట చూడడానికి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి రైలెక్కి వెళ్లడమేమిటని మొదట మా అబ్బాయితో వాదించాను. అందులోనూ చూడబోయేవి ఆస్టర్లు. మన పూల మార్కెట్లో కట్టలు కట్టి అమ్మే ఆస్టరు మొక్క మోకాలెత్తు దాటడమే గొప్ప. దానికోసం ఇద్దరికి రానూపోనూ టికెట్లు కొని, ఆ ధరను రూపాయల్లోకి మార్చి చూసుకున్నాక దారి పొడవునా నా మనసు ఉసూరుమంటూనే ఉంది.

గ్రేట్ మాల్వెర్న్ దాటిన రైలు కొండ కింది సొరంగంలోకి దూరి, అవతల కోల్వాల్ అనే చిన్న స్టేషనులో మమ్మల్ని దించింది. అక్కడి పిక్టన్ గార్డెన్, 1906లో ఎర్నెస్ట్ బల్లార్డ్ ప్రారంభించిన ఓల్డ్ కోర్ట్ నర్సరీస్‌కు చెందిన తోట. సెప్టెంబరు 29న వచ్చే సెయింట్ మైకేల్ పండుగ రోజుల్లో పూస్తాయి కాబట్టి ఈ తోటలోని ఆస్టర్లను అక్కడివాళ్లు మైకేల్మస్ డెయిజీలంటారు. మేము అక్టోబరు మొదటి వారంలో వెళ్లాం. మలుపు తిరగగానే నా భుజాల ఎత్తున ఊదా, గులాబి రంగుల పూలు, వాటి నిండా తేనెటీగలు కనిపించాయి. మన ఆస్టరు ఏటా విత్తనం వేయవలసిన చైనా మొక్క. ఇవి ఉత్తర అమెరికా నుంచి వచ్చి, చలికి పైభాగం ఎండిపోయినా వసంతంలో వేరు నుంచి తిరిగి చిగిర్చేవి. పేరొక్కటే కలిసింది, అంతే.

దగ్గరకు వెళ్లి చూస్తే పైన పందిరిలా పూలున్నా, కింద రెండడుగుల మేర ఆకులు ఎండి వేలాడుతున్నాయి. నీళ్లు పెట్టలేదేమోనని నేను గొణుగుతుంటే, పక్కనే పని చేస్తున్న పెద్దావిడ నవ్వి, న్యూ ఇంగ్లండ్ ఆస్టరు అనే ఈ రకం స్వభావమే అదని, ముందు వరుసలో పొట్టి మొక్కలు వేసి దాని కాళ్లు కప్పాలని చెప్పారు. న్యూయార్క్ ఆస్టరు అనే మరో రకానికి బూడిద తెగులు బెడద ఎక్కువట. నూగు ఆకుల న్యూ ఇంగ్లండ్ రకం దానికి చాలావరకు తట్టుకుంటుందట. మే నెలాఖరున కొమ్మలను మూడోవంతు కత్తిరిస్తే మొక్క గుబురుగా, గాలికి వాలకుండా పెరిగి కాస్త ఆలస్యంగా పూస్తుందని కూడా ఆవిడ చెప్పినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. చామంతి కొనలు గిల్లుతుంటే నేను ఏడిచేవాణ్ణి. "గిల్లకపోతే కొమ్మలు రావురా" అనేది. రెండు మూడేళ్లకొకసారి దుబ్బు తవ్వి, మధ్యలో ముదిరిన భాగం పారేసి, అంచు పిలకలు నాటాలన్న మాటా మా పెరటిదే.

ఒక కుండీ కొన్నాం. ఆ ధరకు కడియంలో ఒక మడి నిండేది. మొక్కల క్వారంటైన్ నిబంధనల మూలంగా దాన్ని మన దేశానికి తెచ్చుకునే వీలు లేదు కనుక, మా ఆవిడ రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చి అబ్బాయి పెరట్లో నాటించింది. చీకటి పడేసరికి పూలన్నీ ముడుచుకుపోయాయి. "ఏమండీ, అంత డబ్బు పోసి వాడిపోయిన మొక్క కొన్నారు" అని ఆవిడ రాత్రి భోజనం దగ్గర కూడా దెప్పింది. మర్నాడు పదింటికి ఎండ తగలగానే అవి మళ్లీ విచ్చుకున్నాయి; అప్పటికి ఆవిడే కిటికీ దగ్గర నిలబడి ఉంది.