అడ్డాకు వెనకున్న తీగ

అన్నవరం ప్రసాదం పొట్లం విప్పగానే అందరి చూపూ నెయ్యోడే గోధుమరవ్వ మీద ఉంటే, నా చూపు ఆకు మీద ఉంటుంది. ఇది ఇంట్లోంచి అంటుకున్న జబ్బు. మా నాన్నకి రాజమండ్రిలో విస్తళ్ల కొట్టు ఉండేది. అడ్డతీగల, రంపచోడవరం వైపు నుంచి అడ్డాకు కట్టలు బస్సు టాపు మీద వచ్చి దిగేవి. వాటి మీద నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక పుల్లలతో కుట్టేవాళ్లం. మాఘమాసం వచ్చిందంటే ఇంట్లో పడుకోవడానికి చోటు ఉండేది కాదు. లేతాకైతే పుల్ల గుచ్చగానే చిరుగుతుంది, బాగా ముదిరిందైతే ఈనె దగ్గర పెళుక్కున విరుగుతుంది. రెంటికీ మధ్యలో ఉన్న ఆకు దొరికితే మా అమ్మ పనివాళ్లకి ఇచ్చేది కాదు, తనే కుట్టేది.

అన్నేళ్లు ఆకు అమ్మిన ఇంట్లో పుట్టి కూడా తీగని మాత్రం చాలా ఆలస్యంగా, మారేడుమిల్లి అడవిలో చూశాను. చూశాక ఒక సందేహం పట్టుకుంది. అన్ని పెళ్లిళ్లకీ, అన్ని గుళ్లకీ ఆకు కోస్తూనే ఉంటే ఇది మళ్లీ మళ్లీ ఎలా వేస్తోంది?

అడ్డతీగ అంటే పెరట్లో పందిరెక్కే తీగ లాంటిది కాదు. మొదలు దగ్గర మనిషి తొడంత లావు ఉంటుంది, మెలికలు తిరిగి, గాట్లు పడి. ఆకులు చూడాలంటే మెడ వెనక్కి విరుచుకోవాలి, ఎందుకంటే అవన్నీ చెట్టు తల మీదే పరుచుకుని ఉంటాయి. రెమ్మ చివర రెండేసి నులితీగలు లోపలికి చుట్టుకుని ఉంటాయి. కొమ్మ తగిలితే పట్టేస్తాయి, పట్టాక కొన్నాళ్లకి అవే కట్టెబారిపోతాయి. కింద పడిన కొమ్మ మీద ఒకదాన్ని ఊడదీయబోతే నా వేళ్లు నొప్పి పుట్టాయి గానీ అది కదల్లేదు. అక్కడే ఆకు కోసుకుంటున్న కొండరెడ్ల ముసలావిడని అడిగాను, "అమ్మా, ఇది చెట్టుని చంపెయ్యదా?" అని. "తీగేం చంపుద్ది బాబూ, మోసేది చెట్టు గదా. మోసీ మోసీ ఓ గాలివానకి అదే పడిపోద్ది" అంది.

ఆవిడ అన్నదాంట్లో చాలా ఉంది. అడ్డతీగ బదనికలాగా చెట్టు రసం తాగదు. దాని వేళ్లు దాని నేలలోనే ఉంటాయి, దాని తిండి అదే వండుకుంటుంది. కాకపోతే వెలుతురు కోసం పైకెళ్లాలంటే చెట్టు ముందు మాను కట్టుకోవాలి, సంపాదనలో పెద్ద వాటా దానికే పోతుంది. తీగకి ఆ ఖర్చు లేదు. సొంతిల్లు మాట ఎత్తకుండా చుట్టాలింట్లో మకాం పెట్టి, జీతమంతా వ్యాపారంలో పెట్టేవాడు ఉంటాడే, అలా మిగిలిందంతా ఆకులో పెడుతుంది. కాండం సన్నమైనా లోపల నీళ్ల గొట్టాలు చెట్టు గొట్టాలకంటే వెడల్పు, అందుకే అంత ఆకుకీ నీళ్లు అందుతాయి. మా కొట్టు నడిచింది ఈ మిగులు మీదే!

ఈ లెక్కని పనామాలో గట్టిగా కొలిచారు. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోగా మిగిలిన కొండ శిఖరమే బారో కొలరాడో ద్వీపం. అక్కడ 50 హెక్టార్ల అడవిలో చెట్టూ తీగా లెక్కపెడితే, కట్టె ఉన్న కాండాల్లో దాదాపు నాలుగో వంతు, జాతుల్లో మూడో వంతు పైన ఇలాంటి కట్టె తీగలే. వీటినే శాస్త్రవేత్తలు లియానాలంటారు. ఆ పక్కనే గిగాంటే ద్వీపకల్పంలో తీగల మీద పరిశోధన చేసే స్టెఫాన్ ష్నిట్జర్, ఆయనతో పనిచేసేవాళ్లు 2011లో 80 మీటర్ల భుజమున్న 8 చోట్ల తీగలన్నీ కొట్టేసి, మరో 8 చోట్ల ముట్టుకోకుండా వదిలేశారు. మూడేళ్ల ఫలితం 2015లో అచ్చయింది. తీగలున్న చోట అడవి ఏటా కొత్తగా దాచుకునే కార్బన్ 76 శాతం తక్కువ! తీగలు ఎక్కిన చెట్లు లావెక్కడం తగ్గింది, చావులు పెరిగాయి. ఆ లోటు తీగలు పూడ్చలేదు, ఎందుకంటే అవి వేసేది కట్టె కాదు, ఆకు. ఆకు తొందరగానే రాలి కుళ్లిపోతుంది. మాను వందేళ్లు పట్టి ఉంచుతుంది. అంటే మాకు అన్నం పెట్టిన గుణమే అడవికి బరువన్నమాట. ఇది చదివిన రోజు నాకు కాస్త గిల్టీగా అనిపించింది, దాచుకోను.

అమెజాన్‌లో పెద్ద తీగల వాటా పెరుగుతోందని ఆలివర్ ఫిలిప్స్ బృందం 2002లోనే చెప్పింది. ఏడాదంతా వానపడే అడవుల్లో కంటే ఎండాకాలం పొడుగ్గా ఉండే అడవుల్లోనే తీగల సందడి ఎక్కువ. వానల్లేని నెలల్లో చెట్లు నెమ్మదిస్తే ఇవి పెరుగుతూనే ఉంటాయి. మన తూర్పు కనుమలకి అలాంటి ఎండాకాలమే ఉంది.

అయితే నరికి పారేద్దామా? అటవీశాఖ పనుల్లో తీగలు కొట్టడం పాతదే. టేకో, ఇంకోటో నరికేటప్పుడు తీగలు అలాగే ఉంటే పడే చెట్టు పక్క చెట్లని కూడా లాక్కుపోతుంది, కాబట్టి ముందే కోసేస్తారు. అక్కడి వరకు సరే. కానీ అడవంతా ఊడ్చినట్టు కొట్టడం నాకు నచ్చదు. చెట్టు నుంచి చెట్టుకి నేల తగలకుండా తిరిగే పెద్ద ఉడుతకి తీగే దారి. వేసవిలో అడ్డపూలు విచ్చుకుంటే పురుగులకి పండగే. కాయ ఎండి టప్పున పగిలితే ఎగిరిపడే గింజలు వేయించుకుని తింటారు, నార తాళ్లకి వస్తుంది. ఆకు సంగతి సరేసరి, అది ఎన్నో ఇళ్లకి చేతిఖర్చు. నన్నడిగితే, కాపాడాలనుకున్న చెట్టు మీద మాత్రం కొట్టాలి, అదీ ఆకు కోసేవాళ్లని అడిగి. ఏ తీగ ఏ చెట్టుని వంచుతోందో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలీదు.

మారేడుమిల్లి రోడ్డు మీద కారులోంచి చూసి "ఎంత దట్టమైన అడవో" అంటుంటారు. రోడ్డుకి రెండు పక్కలా గోడ కట్టినట్టు కనిపించే ఆ పచ్చదనంలో చాలా భాగం తీగలే. రోడ్డు కోసం చెట్లు తీసేస్తే ఎండ పడింది, ఎండ పడిన చోటికి ముందు ఎగబడేది తీగ. అడవి ఎలా ఉందో చూడాలంటే కారు దిగి, తెలిసినవాళ్లని తోడు తీసుకుని ఓ వంద గజాలు లోపలికి వెళ్లండి. అక్కడ తీగలు పలచబడి, మానులు కనిపిస్తే అడవి బాగున్నట్టు.