నాన్న కంప్యూటర్ విండోస్ 11కి పనికొస్తుందా: నా అనుభవం

నాన్న తెనాలిలో చిన్న వ్యాపారులకు లెక్కలు రాస్తారు. పనంతా 2018 చివర్లో అసెంబుల్ చేయించుకున్న ఒక డెస్క్‌టాప్ మీదే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయని విని, సీపీయూ మోసుకుని షాపుకి వెళ్లారు. "పాతదైపోయిందండీ, 11 ఎక్కదు, కొత్తది తీసుకోండి" అన్నారట వాళ్లు. రాత్రి నాకు ఫోన్ చేసి "అంతేనంటావా అమ్మా?" అని అడిగారు. ఆ గొంతు విన్నాక రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లాను.

మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్ వేసి చూశాను. ఈ కంప్యూటర్ ప్రస్తుతం అర్హతలకు సరిపోదని పైనే రాసుంది. షాపులో ఆ ఒక్క వాక్యం చూసి వదిలేసుంటారు. దాని కిందే పూర్తి ఫలితాలు చూపించే బటన్ ఉంది. నొక్కితే ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ అన్నిటికీ పచ్చ టిక్కులే. ఎర్రగా ఉన్నవి రెండే: టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే రక్షణ). నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే తప్పిందంటే తేలిగ్గా మార్చలేనిది ప్రాసెసరే. నాన్నది ఐ5-8400. గీత తర్వాతి అంకె 8, అంటే ఎనిమిదో తరం. ఇంటెల్‌లో దాదాపుగా అక్కడినుంచే అనుమతి. నా సొంత ల్యాప్‌టాప్ ఐ5-7200యూ. అందులో టీపీఎం 2.0 ఉన్నా, ఏడో తరం కావడంతో అర్హత దగ్గర ఆగిపోయింది.

టీపీఎం అంటే తాళంచెవుల్లాంటి రహస్య సమాచారాన్ని దాచే భద్రతా భాగం. దానికి విడిగా చిప్ కొనాలేమో అనుకున్నాను, అక్కర్లేదు. ఈ తరం ఇంటెల్ కంప్యూటర్లలో అది పీటీటీ అన్న పేరుతో లోపలే ఉంటుంది. ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం. ఆన్ చేస్తూ డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి (విండోస్‌కి ముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్తే పీటీటీ డిసేబుల్ అని ఉంది. ఏడేళ్లుగా అలాగే ఉందన్నమాట! ఎనేబుల్ చేసి, సేవ్ చేసి, విండోస్‌లోకి వచ్చి రన్‌లో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ కొడితే వెర్షన్ 2.0 అని చూపించింది. ఐదు నిమిషాల పని.

సెక్యూర్ బూట్ మాత్రం ఒక రోజు తినేసింది. రన్‌లో ఎంఎస్ఇన్ఫో32 కొట్టి చూస్తే బయోస్ మోడ్ దగ్గర లెగసీ అని ఉంది. అప్పట్లో అసెంబుల్ చేసినవాళ్లు విండోస్‌ని పాత పద్ధతిలో, ఎంబీఆర్ (డిస్క్‌లోని భాగాల వివరం రాసుకునే పాత ఏర్పాటు) ఉన్న డిస్క్ మీద ఎక్కించారు. సెక్యూర్ బూట్‌కి యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి కావాలి, యూఈఎఫ్ఐలో విండోస్ బూట్ అవ్వాలంటే డిస్క్ జీపీటీ అనే కొత్త ఏర్పాటులో ఉండాలి. డిస్క్ మార్చకుండా బయోస్‌లో మోడ్ ఒక్కటీ మారిస్తే విండోస్ లేవదు. దయచేసి ఆ తొందర పడకండి.

ఫార్మాట్ చేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. ఆయన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ సెట్టింగులు అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. డేటా పోకుండా మార్చడానికి విండోస్‌లోనే ఎంబీఆర్‌టూజీపీటీ అనే కమాండ్ ఉంది. ముందు వ్యాలిడేట్ ఆప్షన్‌తో పరీక్ష మాత్రమే చేయించాను. డిస్క్ లేఅవుట్ సరిగ్గా లేదని తిప్పికొట్టింది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే కారణం కనిపించింది. మన దగ్గర అసెంబుల్ చేసిన చాలా కంప్యూటర్లలోలాగే సీ, డీ, ఈ (C, D, E) అని డ్రైవులు కోశారు. సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ, డీ కలిసి మూడు ప్రైమరీ (నేరుగా వాడే) పార్టిషన్లు, E డ్రైవ్ మాత్రం ఎక్స్‌టెండెడ్‌లో (లోపల వేరే డ్రైవులు పెట్టుకునే పార్టిషన్‌లో) ఉంది. ఈ కమాండ్‌కి మూడు ప్రైమరీలకు మించకూడదు, ఎక్స్‌టెండెడ్ అసలే ఉండకూడదు.

డేటా మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశాం. ఖాతాల బ్యాకప్ విడిగా పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టాం. నాన్న అంతటితో ఆగకుండా మార్చి నెల ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాలన్నిటి నిల్వలు చూపే పట్టిక) ప్రింట్ తీసి పక్కన పెట్టుకున్నారు. అప్పుడు E డ్రైవ్‌ని, దాని ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌ని తీసేశాను. వ్యాలిడేట్ పాసైంది. కరెంటు పోతే ప్రమాదమని యూపీఎస్ చార్జింగ్ చూసుకుని, కన్వర్ట్ ఇచ్చాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, నా చేతులు మాత్రం చల్లబడ్డాయి. వెంటనే బయోస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతి బూట్‌కి వీలిచ్చే సెట్టింగ్) ఆపి, సెక్యూర్ బూట్ పెట్టాను. విండోస్ లేచింది. హెల్త్ చెక్‌లో ఇప్పుడు అన్నీ పచ్చే.

అర్హత వచ్చినంత మాత్రాన వేగం రాదు. ఉన్న 8 జీబీ ర్యామ్ ఆయన పనికి చాలుతుంది, పాత హార్డ్‌డిస్క్‌తోనే ఇబ్బంది. అందుకని ఒక ఎస్ఎస్‌డీ కొని, పాత డిస్క్‌ని దాని మీదికి ఉన్నదున్నట్టు క్లోన్ చేసి, ఆ తర్వాతే 11 ఎక్కించాను. మొత్తానికి ఖర్చయింది ఆ ఎస్ఎస్‌డీకే. నా ల్యాప్‌టాప్‌కి మాత్రం రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగులు) మార్చి బలవంతంగా 11 ఎక్కించే దారి పట్టలేదు. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు, అందులో బ్యాంకు పనులు చేస్తాను. విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 దాకా ఇచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లలో దాన్ని చేర్చాను.

కొత్త స్క్రీన్ రాగానే నాన్న ఇంకేమీ చూడలేదు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, మార్చి నెల ట్రయల్ బ్యాలెన్స్ తీసి, కళ్లజోడు సర్దుకుని ఆ ప్రింటుతో ఒక్కో అంకె సరిచూశారు. పైసాతో సహా సరిపోయింది.