పాత ఉబుంటు కంప్యూటర్: మెట్టు మెట్టుగా ఎక్కించాలా, కొత్తగా వేయాలా?

మా ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ 16.04 వెర్షన్ చాలాకాలం అలాగే ఉండిపోయింది. యంత్రం నడుస్తున్నంత వరకు దాని జోలికి వెళ్లాలని ఎవరికీ అనిపించదు. కానీ 2016 ఏప్రిల్‌లో విడుదలైన ఆ వెర్షన్‌కు సాధారణ మద్దతు 2021 ఏప్రిల్‌లోనే ముగిసింది. అదే ఏడాది సెప్టెంబరు 30న వెబ్‌సైట్లు అసలైనవేనని తెలిపే సర్టిఫికెట్లను జారీచేసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లకు ఆధారమైన ఒక పాత రూట్ (మూల) సర్టిఫికెట్ గడువు తీరింది. దాంతో అప్‌డేట్లు అందని అనేక పాత కంప్యూటర్లు నిక్షేపంగా ఉన్న సైట్లను కూడా నమ్మడం మానేశాయి. పాతబడిన లినక్స్ ఒక్కసారిగా ఆగిపోదు, ఇలా ఒక్కో పనికీ అడ్డం తిరుగుతూ వస్తుంది.

అప్‌గ్రేడ్ గురించి ఆలోచించే ముందు యంత్రం సంగతి తేల్చుకోవాలి. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) ఎల్‌ఎస్‌సీపీయూ (lscpu) అనే కమాండ్ ఇస్తే ప్రాసెసర్ 64 బిట్ వ్యవస్థను నడపగలదో లేదో తెలుస్తుంది. ప్రాసెసర్‌కు ఆ శక్తి ఉండి కూడా, ఎప్పుడో వేసిన 32 బిట్ వెర్షన్‌తోనే నడుస్తున్న కంప్యూటర్లు తక్కువేమీ కావు. 32 బిట్ నుంచి 64 బిట్‌కు అప్‌గ్రేడ్ దారిలో వెళ్లడం కుదరదు కనుక, అక్కడ కొత్త ఇన్‌స్టలేషన్ తప్పదు. ప్రాసెసరే 32 బిట్‌ది అయితే ఎంపికలు మరీ కొద్ది. ఉబుంటు కుటుంబంలో దీర్ఘకాల మద్దతు గల 32 బిట్ వెర్షన్లు 18.04తో ఆగిపోయాయి, ఉబుంటుకు ఆధారమైన మరో లినక్స్ డెబియన్ 12లో 32 బిట్ ఇన్‌స్టాలర్ ఉంది గానీ 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో లేదు.

హార్డ్ డిస్క్ ఆరోగ్యాన్ని స్మార్ట్ నివేదికలో (డిస్క్ తన స్థితి గురించి తానే ఇచ్చే సమాచారంలో) చూడడం కూడా అవసరమే. ఎందుకంటే, అప్‌గ్రేడ్ జరుగుతున్నప్పుడు వేల ఫైళ్లు మారతాయి, అరిగిపోయిన డిస్క్ చేతులెత్తేసేది సరిగ్గా అప్పుడే. మదర్‌బోర్డుపై ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోయి, రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ నిల్వ) ఫైళ్లు ఇంకా చెల్లుబాటులోకి రాలేదంటూ ప్రోగ్రాములను దించి వేసే ఏపీటీ మొరాయిస్తుంది. చూడడానికి ఇది నెట్‌వర్క్ సమస్యలా ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. దీర్ఘకాల మద్దతు గల వెర్షన్ల మధ్య ఒక్కో మెట్టే ఎక్కాలి: 16.04 నుంచి 18.04, అక్కడి నుంచి 20.04, ఆపైన 22.04, చివరికి 24.04. మధ్యలో దాటవేయడానికి వీల్లేదు. ప్రతి మెట్టు దగ్గరా బయటి పీపీఏలు (ఇతరులు నడిపే సాఫ్ట్‌వేర్ నిల్వలు) నిలిపివేయబడతాయి, పాత కర్నెళ్లతో (వ్యవస్థ మూల ప్రోగ్రాములతో) నిండిన బూట్ పార్టిషన్‌లో చోటు చాలదు, మనం మార్చిన సెట్టింగుల ఫైలును ఉంచాలా, కొత్తది తీసుకోవాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. పైగా 16.04లోని యూనిటీ అనే డెస్క్‌టాప్ (తెరపై కనిపించే రూపం) స్థానంలో 18.04 నుంచి గ్నోమ్ వచ్చింది. నాలుగు జీబీ మెమరీ ఉన్న యంత్రానికి అది భారమే. ఒక మెట్టే అయితే ఎక్కించడంలో తప్పు లేదు. రెండు దాటితే మాత్రం కొత్తగా వేయడమే మేలని నా అభిప్రాయం. నాలుగు మెట్లు ఎక్కి వచ్చిన వ్యవస్థలో ఏదైనా చెడితే, అది ఏ మెట్టు దగ్గర చెడిందో వెతకడానికే పుణ్యకాలం గడిచిపోతుంది.

కొత్త ఇన్‌స్టలేషన్‌లో కష్టమంతా బ్యాకప్‌లోనే ఉంది. హోమ్ ఫోల్డర్‌ను కాపీ చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, కానీ నిర్ణీత సమయాల్లో నడిచే క్రాన్ పనుల పట్టిక, డేటాబేస్ ఫైళ్లు వార్ (/var) డైరెక్టరీలో ఉంటాయి, ప్రింటర్ మొదలుకొని మనం చేత్తో మార్చిన సెట్టింగులు ఈటీసీ (/etc) డైరెక్టరీలో ఉంటాయి. చుక్కతో మొదలయ్యే దాగిన ఫైళ్లలో వేరే కంప్యూటర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు, బ్రౌజర్ ప్రొఫైల్ ఉంటాయి. 16.04 ఇన్‌స్టాలర్ హోమ్ ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం ఇచ్చేది. 18.04లో దాన్ని తీసివేశారు. ఆ సదుపాయం వాడినవారు పాత వ్యవస్థలో లాగిన్ అయి ఉండగానే ఫైళ్లను బయటి డిస్క్‌లోకి తీసుకోవాలి. డిస్క్‌ను ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలించి చూస్తే అర్థం కాని పేర్లు తప్ప మరేమీ కనిపించవు.

తిరిగి పెట్టేటప్పుడు ప్రోగ్రాముల సెట్టింగులుండే కాన్ఫిగ్ (.config) ఫోల్డర్‌ను మొత్తంగా తేకపోవడం మంచిది. పాత డెస్క్‌టాప్ సెట్టింగులు కొత్తదానికి సరిపడవు. ఫైర్‌ఫాక్స్ విషయంలో ఒక మెలిక ఉంది: 22.04 నుంచి ఉబుంటు దాన్ని స్నాప్‌గా (అన్నీ తనలోనే ఉంచుకునే ప్యాకేజీ రూపంలో) ఇస్తోంది కనుక ప్రొఫైల్ కూడా స్నాప్ ఫోల్డర్ లోపలే ఉంటుంది. ఉబుంటు ఆధారంగా తయారైన మింట్ అనే లినక్స్ మాత్రం డెబియన్ పద్ధతిలోని సాధారణ డెబ్ ప్యాకేజీనే ఇస్తుంది. నేను తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో మింట్ 22ను ఎంచుకోవడానికి అది ఒక కారణం, 2029 వరకు అప్‌డేట్లు అందడం మరో కారణం. మా యంత్రంలోని పాత ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుకు కావలసిన 340 శ్రేణి డ్రైవర్‌పై మద్దతును ఆ సంస్థ 2019లోనే ముగించింది. అందువల్ల కర్నెల్‌తో వచ్చే నూవో డ్రైవర్‌తో సరిపెట్టుకున్నాను. ఆటలు ఆడని ఇంటికి అది చాలు.

మొత్తం వ్యవహారంలో ఇంకా తెగనిది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత రూపమైన పైథాన్ 2లో రాసుకున్న చిన్న స్క్రిప్టుల సంగతి. 2020 జనవరి 1తో ఆ భాషారూపానికి మద్దతు ఆగిపోయింది, కొత్త వ్యవస్థలో అది లేనే లేదు. ఫొటోలను తేదీల వారీగా సర్దే స్క్రిప్టును పైథాన్ 3లోకి మార్చాను, మిగిలినవాటిని అవసరం పడినప్పుడు చూసుకుంటాను.