‘కంప్రెసర్ పోచ్చు సార్’

మే నెల కత్తిరి ఎండలు ఎలా ఉంటాయో చెన్నైలో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే వేళచ్చేరిలో మా ఇంటి ఏసీ ఉత్త గాలి వదలడం మొదలుపెట్టింది. బయటి యూనిట్‌లో ఫ్యాను తిరుగుతోంది, కంప్రెసర్ మాత్రం కొన్ని సెకన్లు ‘మ్‌మ్‌మ్’ అని మూలిగి టక్కుమని ఆగిపోతోంది, కాసేపాగి మళ్ళీ అదే మూలుగు.

వచ్చిన మెకానిక్ మూత కూడా తీయలేదు. "కంప్రెసర్ పోచ్చు సార్" అన్నాడు, అంటే అరవంలో కంప్రెసర్ పోయిందని. అతను చెప్పిన రేటుకి ఇంకొంచెం కలిపితే కొత్త ఏసీయే వస్తుంది.

నెల్లూరులో ఏసీలు బాగుచేసే మా బావకి ఫోన్లో ఆ మూలుగు వినిపించా. "ఒరేయ్, మూలుగుతోందంటే కరెంటు అందుతోంది, తిరగలేకపోతోంది. ముందు కెపాసిటర్ చూడు" అన్నాడు. సింగిల్ ఫేజ్ మోటారు తనంతట తాను కదలదట. స్టార్ట్ వైండింగ్‌కి, అంటే దాన్ని కదిలించే తీగచుట్టకి, కెపాసిటర్ గుండా కరెంటు వెళ్తేనే తిరుగుడు మొదలవుతుంది. అది బలహీనపడితే మోటారు నిలబడిపోయి మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగి వేడెక్కుతుంది, ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ ట్రిప్ అయి కరెంటు ఆపేస్తుంది, చల్లారాక మళ్ళీ కలుస్తుంది. ఆ ‘టక్కు’ అదే. (ఇన్వర్టర్ ఏసీ అయితే ఈ కథ పనికిరాదు, అందులో కంప్రెసర్‌ని నడిపేది బోర్డు.)

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌లో కెపాసిటర్ కొలిచే మల్టీమీటర్ కొన్నా. ఎంసీబీ ఆపి, కెపాసిటర్‌లో మిగిలిన చార్జి తీసేశాకే చెయ్యి పెట్టానండోయ్, పవర్ ఆపినా అది షాక్ కొడుతుంది. దాని మీద 50 మైక్రోఫారాడ్ అని ఉంది, మీటర్‌లో 31 వచ్చింది. ఐదు శాతం అటూ ఇటూ అయితే సరే, ఇది మరీ అన్యాయం.

ఎందుకైనా మంచిదని వైర్లు తీసి వైండింగ్ కూడా చూశా. కంప్రెసర్‌కి కామన్, రన్, స్టార్ట్ అని మూడు పిన్నులుంటాయి. కామన్‌కీ రన్‌కీ 1.6 ఓమ్‌లు, కామన్‌కీ స్టార్ట్‌కీ 2.7, రన్‌కీ స్టార్ట్‌కీ 4.3. మొదటి రెండూ కలిపితే మూడోది రావాలి, వచ్చింది. వైండింగ్ కరెంటు బాడీకి లీకవుతున్నట్టు మీటర్‌లో ఏమీ కనబడలేదు, అయినా అది మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజీతో లీకేజీ పరీక్షించే మీటర్) చూస్తే తప్ప పూర్తిగా నమ్మొద్దని బావ అన్నాడు.

కొత్త కెపాసిటర్ వేయగానే కంప్రెసర్ తిరిగింది. ఇల్లంతా పండగ! రెండు గంటలకి మళ్ళీ ఆగింది. తీరా చూస్తే బయటి యూనిట్‌లో వేడిని వదిలే కండెన్సర్ వెనక దుమ్మూ పావురాల ఈకలూ దుప్పటిలా పేరుకున్నాయి, పైగా మా అమ్మ ఆ యూనిట్ ముందే తువ్వాళ్ళు ఆరేస్తోంది. వేడి బయటికి పోయే దారే లేదు. చల్లారాక పైపుతో శుభ్రంగా కడిగా, తువ్వాళ్ళకి వేరే తాడు కట్టా.

సాయంత్రం బావకి మళ్ళీ ఫోన్ పెట్టి వినిపించా. కాసేపు విని, "శబ్దం బాగుంది. స్టెబిలైజర్‌లో ఇన్‌పుట్ ఎంత చూపిస్తోంది?" అన్నాడు.

వెళ్ళి చూశా. 185 వోల్టులు, ఉండాల్సినదానికంటే బాగా తక్కువ. రేపు కరెంటాఫీసుకి వెళ్ళాలి.